ఎరిక్ లిడెల్ మనోనిబ్బరము

ఎరిక్ లిడెల్ 1902వ సంవత్సరమున చీనాదేశమందలి టియెన్‌సిన్ నగరములో స్కాట్లండు మిషనరీ దంపతులకు జన్మించెను. ఎడింబరో విశ్వవిద్యాలయమున చదువుచు స్కాట్లండు రగ్బీ జట్టునందు ఏడు పర్యాయము లాడెను. జట్టులో తోటివారికి తోడుపడుటయు, పరుగుపందెమున ఒంటరిగా నిలుచుటయు, రెండును ఆయనకు అలవడెను.

1923 జూలైలో స్టోక్ నగరమున 440 గజముల పందెములో మఱియొకని తాకుడుచే ఆయన నేలబడెను. తక్కినవారు సుమారు 20 గజములు ముందునకు సాగిరి. ఆయన తగవునకు నిలువక లేచి, మిగిలిన దూరముమీదనే దృష్టి నిలిపి పరుగెత్తి గెలిచెను.

1924 పారిస్ ఒలింపిక్ క్రీడలలో 100 మీటర్ల తొలి పందెములు ఆదివారమున పడెను. ఆ దినమున పరుగెత్తుటకు ఆయన మనస్సాక్షి సమ్మతింపలేదు. నెలలకు ముందే ఆ పందెమును విడిచి, నిందలకు జంకక, 200, 400 మీటర్లకు సాధన చేసెను. 400 మీటర్ల తుది పందెమున వెలుపలి బాట లభించెను. మలుపునందు అందఱికంటె ముందు నిలుచు ఆ బాటవానికి ప్రత్యర్థులు కానరారు. కావున ఆయన తన పరుగునే నమ్ముకొని, మొదటి సగము మహావేగముతో పరుగెత్తి, పట్టు సడలనీయక 47.6 సెకండ్లలో గెలిచెను. 200 మీటర్లలో మూడవవాడయ్యెను.

1925లో ఉపాధ్యాయుడై చీనాకు వెడలెను. యుద్ధకాలమున జపానువారు ఆయనను వైహ్సియెన్ శిబిరమున నిర్బంధించిరి. అచ్చటి పిల్లలకు చదువు చెప్పుచు, ఆటలాడించుచు, 1945 ఫిబ్రవరి 21న మెదడులోని కంతిచే మరణించెను.

విద్యార్థులారా! ధైర్యమును పందెమునాడు వెదకుకొనిన దొరకదు. ఏది చేయుదునో, ఏది చేయనో ముందే నిశ్చయించుకొన్న వానికి అది తోడుగా వచ్చును.