లగ్రాంజి

కడప జిల్లాలోని కలమల్ల గ్రామము ప్రాచీన తెలుగు శాసనమునకు ప్రసిద్ధి గాంచినది. ఆ పల్లె పొలములలో నిలిచి రాత్రివేళ తల యెత్తి చూచువారికి, గురుగ్రహము ఉదయించు దినములలో, అది తేజోవంతముగ కానవచ్చును. ఆ గ్రహము నడచు బాటనే పట్టి దానికి ముందొక గుంపు, వెనుక నొక గుంపు గ్రహశకలములు సాగుచున్నవి. అవి కంటికి కానరావు. వానిని ఎవ్వరును చూడకమునుపే వాని స్థానములను గణితముచే కనుగొనిన మహనీయుడు జోసెఫ్ లూయీ లగ్రాంజి.

ఆయన 1736వ సంవత్సరము జనవరి 25వ తేదీన ఇప్పటి ఇటలీలోని ట్యూరిన్ నగరమున జన్మించెను. తండ్రి కలిమిగల రాజోద్యోగి. కాని లాభాశతో చేసిన వ్యాపారములలో ఆస్తి హరించిపోయెను. ధనమే నిలిచియున్నచో తాను గణితమువంక చూచియుండనని లగ్రాంజి పిమ్మట తలచుచుండెడివాడు. ఆయన 19వ ఏటనే ఫిరంగిదళ పాఠశాలలో ఆచార్యుడయ్యెను. 1766లో ఆయిలరు విడిచిన స్థానమున బెర్లిను పండిత పరిషత్తులో ప్రవేశించెను.

సూర్యుడు, గ్రహము, మరియొక చిన్న గోళము ఒండొంటిని ఆకర్షించుకొనుచుండగా వాని గతి యెట్టిది? ఈ చిక్కు ప్రశ్నపై ఆయన 1772లో ఒక వ్యాసము రచించెను. ఆ మూడును సమబాహు త్రిభుజపు కొనలయందున్నచో, ఆ అమరిక చెదరకయే తిరుగగలదని తేల్చెను. అనగా ఆ చిన్న గోళము గ్రహమునకు 60 డిగ్రీలు ముందుగనో వెనుకగనో నడువవలెను. కాని అట్టి అమరిక సౌరకుటుంబమున లేదనియే ఆయన భావించెను.

1787లో ఆయన పారిస్ చేరెను. మరుసటి యేడు తన మహాగ్రంథము అచ్చుపడినను, మనసు కలతచెంది దానిని రెండేండ్లు తెరిచి చూడలేదు. 1813 ఏప్రిల్ 10వ తేదీన కన్నుమూసెను. తన త్రిభుజము ఆకాశమున నిజముగ కలదని ఆయన ఎరుగనే లేదు.

1906లో జర్మనీలో మాక్స్ వుల్ఫ్, గురునికి ముందు నడచు అకిలీస్ అను శకలమును కనుగొనెను. నేడు అట్టివి పదివేలకు పైగా తెలిసినవి. గ్రహము సూర్యుని ద్రవ్యరాశిలో సుమారు 25వ వంతుకంటె తక్కువయైనచో ఆ స్థానములు స్థిరములని తరువాతి గణితవేత్తలు నిరూపించిరి. గురుడు సుమారు 1,047వ వంతు మాత్రమే. కావున కొంచెము తొలగిన శకలము ఊయెలవలె ఊగి మరల వచ్చును. వానిలో పెక్కు కోట్లకొలది సంవత్సరములుగ నిలిచియున్నవి. కొన్ని మాత్రము మెల్లమెల్లగ జారిపోవును.

2023 సెప్టెంబరు 2వ తేదీన శ్రీహరికోటనుండి ఎగసిన ఆదిత్య ఎల్-1 నౌక పేరులోని ఎల్ అను అక్షరము లగ్రాంజిదే. అది చేరినది సూర్యునికిని భూమికిని నడుమనున్న వేరొక స్థానము. అచ్చట స్థిరత్వము లేదు. నిలిచియుండుటకై నౌక అప్పుడప్పుడు ఇంధనము వెచ్చించి గతిని సరిదిద్దుకొనవలెను.

ప్రయోజనము కానరాకున్నను సత్యమును శ్రద్ధతో సాధించినవాని శ్రమ వృథా కాదు. లగ్రాంజి గణితము ఫలించుటకు 134 సంవత్సరములు పట్టినది.