గ్రహాంతరముల గాలి నరసిన వైను బప్పుగారు

ఆకాశమున మిణుకుమను గోళములలో మన భూమివలె జీవులకు నెలవైనది మఱియొకటి కలదా యను ప్రశ్న మిక్కిలి ప్రాచీనమైనది. ఊహ యెంత చక్కనిదైనను దీనికి ఉత్తరము చెప్పజాలదు. అచ్చట నీరు కలదా, గాలి కలదా, వెచ్చదనము కలదా యని మొదట కొలిచి చూడవలెను. అట్టి కొలతలకు మన దేశమున తావు కల్పించినవారిలో మనాలి కల్లాట్ వైను బప్పుగారు అగ్రగణ్యులు. వారు హైదరాబాదున పెరిగినవారగుటచే గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతముల బాలబాలికలకు వారి చరిత్రము పరాయిది కాదని తలంచి, దానిని సంగ్రహముగా ఇచ్చట వ్రాయుచున్నాము.

బప్పుగారు 1927వ సంవత్సరము ఆగస్టు 10వ తేదీన మద్రాసునందు జన్మించిరి. వారి కుటుంబము కేరళ దేశపుది. తండ్రిగారు హైదరాబాదులోని నిజామియా వేధశాలలో ఉద్యోగి. ఈ వేధశాలను 1901లో నవాబు జఫర్ జంగుగారు తమ సొంత ధనముతో నెలకొల్పిరి. వారి మరణానంతరము 1908లో నిజాము ప్రభుత్వము దానిని స్వీకరించెను. 1919లో అది ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు అప్పగింపబడెను. గద్వాల, వనపర్తి సంస్థానములు నిజాము రాజ్యమునకు లోబడియుండిన కాలమది. కావున అది మన రాజధానిలోని వేధశాలయే. ఆ బాలునికి తండ్రివలన సంక్రమించినది భూములు గావు, బంగారము గాదు. రాత్రివేళ దూరదర్శిని చెంతకు పోవు చనవు మాత్రమే. నిజాం కళాశాలలో చదువుకొనుచున్న కాలముననే వెలుగు హెచ్చుచు తగ్గుచునుండు నక్షత్రములను పరిశీలించి, 1946లో వ్యాసములు ప్రకటించిరి.

పిమ్మట హైదరాబాదు ప్రభుత్వమువారి విద్యార్థివేతనముతో అమెరికాకేగి హార్వర్డు విశ్వవిద్యాలయమున చేరిరి. 1949లో తాము తీసిన ఛాయాచిత్రపు పలకయందు క్రొత్త తోకచుక్క నొకదానిని కనుగొనిరి. దానికి బప్పు, బోక్, న్యూకర్క్ అను మువ్వురి పేర్లును పెట్టబడినవి. 1952లో డాక్టరు పట్టము నందిన తరువాత, విల్సను అను శాస్త్రజ్ఞునితో కలిసి ఒక నియమమును కనుగొని 1957లో ప్రకటించిరి. నక్షత్రకాంతిలో కాల్షియము వలన కలుగు గీతల వెడల్పును కొలిచినచో ఆ నక్షత్రపు నిజమైన ప్రకాశమును, దానినుండి దూరమును తెలియవచ్చును. ఆ నియమము నేటికిని వారిరువురి పేరనే పిలువబడుచున్నది.

అమెరికాలో గొప్ప దూరదర్శినులు చేతికందుచుండగా వాటిని విడిచి, 1953లో వారు స్వదేశమునకు వచ్చిరి. ఇచ్చట అట్టి సాధనములు లేవు. నైనితాలు వేధశాలను తీర్చిదిద్ది, 1960లో కొడైకెనాలు వేధశాలకు అధ్యక్షులైరి. నక్షత్రములను చూచుటకు తగిన చోటు వెదకి తమిళదేశమున జవ్వాది కొండలలోని కావలూరు గ్రామమును ఎన్నుకొనిరి. తమ కర్మశాలలోనే చేయించిన 38 సెంటీమీటర్ల దూరదర్శినితో 1968లో అచ్చట పని ప్రారంభించిరి. 1972లో ఒక మీటరు దర్పణము గల దూరదర్శిని జర్మనీ దేశమునుండి వచ్చి నెలకొనెను.

ఆ సంవత్సరమే జూన్ 7వ తేదీన ఒక అరుదైన అవకాశము కలిగెను. బృహస్పతి చంద్రులలో పెద్దదైన గానిమీడు ఒక నక్షత్రమునకు అడ్డముగా పోవలసియుండెను. గాలి లేని గోళము అడ్డుపడినచో నక్షత్రము దీపమార్పినట్లు తటాలున మాయమగును. గాలి యున్నచో, పొగమంచులోనికి పోవు లాంతరువలె క్రమముగా మందగించి మాయమగును. ఈ వ్యత్యాసము కొద్ది క్షణములలోనిది. కావలూరున బప్పుగారి సహచరులును, జావా ద్వీపమున మఱికొందఱును ఆ క్షణములను నమోదు చేసిరి. గానిమీడుపై పలుచని గాలి కలదనియు, దాని యొత్తిడి మన గాలి యొత్తిడిలో సుమారు పది లక్షలవ వంతుకు తక్కువ గాదనియు వారు తేల్చిరి.

అయితే 1979లో వాయేజరు అను నౌక బృహస్పతి దరికి పోయి చూడగా, అచ్చట గాలి యున్నను అంతకంటె వేలరెట్లు తక్కువయని తేలెను. పదేండ్లు నిండకముందే లెక్క మారినది. ఇది కావలూరివారికి తలవంపు గాదని మా యభిప్రాయము. వారు తాము కొలిచినదానిని, కొలిచిన విధమును దాపరికము లేక లోకమునకు చూపిరి. అందుచేతనే తరువాతివారు దానిని సరిచూడగలిగిరి. 1990ల దశకమున హబుల్ దూరదర్శిని అచ్చట అతి స్వల్పమైన ప్రాణవాయువును గుర్తించెను. అది చెట్లవలన పుట్టినది గాదు; విద్యుత్కణముల తాకిడికి మంచు విడిపోవుటవలన పుట్టినది. కావున ప్రాణవాయువు కనబడినంతమాత్రమున ప్రాణి యున్నదని తలంపరాదు. 2015లో మాత్రము, ఆ మంచుపొరకు లోతున ఉప్పునీటి సముద్రము కలదనుటకు బలమైన సాక్ష్యము దొరకెను. జ్యూస్ అను ఐరోపా నౌక 2023లో బయలుదేరినది. అది 2031లో బృహస్పతిని చేరునట్లు ఏర్పాటు చేయబడినది. అచ్చట జీవి యున్నదని యెవరును కనుగొనలేదు, లేదనియు తేలలేదు.

బప్పుగారు 1979లో అంతర్జాతీయ ఖగోళ సంఘమునకు అధ్యక్షులుగా ఎన్నుకోబడిరి. 2.3 మీటర్ల దర్పణము గల గొప్ప దూరదర్శినిని భారతదేశముననే నిర్మింపవలెనని సంకల్పించి ఏండ్ల తరబడి శ్రమించిరి. అది పూర్తికాకముందే, 1982 ఆగస్టు 19వ తేదీన మ్యూనిక్ నగరమున, హృదయ శస్త్రచికిత్సానంతరము, ఏబదియైదేండ్ల ప్రాయమున పరమపదించిరి. 1986 జనవరి 6వ తేదీన ఆ దూరదర్శినికిని వేధశాలకును వారి పేరే పెట్టబడెను. దానిలో తొంగిచూచు భాగ్యము వారికి లేకపోయెను.

విద్యార్థులారా! నడిగడ్డ పొలములలో దీపములు లేని రాత్రి బృహస్పతి మీ కంటికి స్పష్టముగా కానవచ్చును. చిన్న దూరదర్శిని యున్నచో దాని ప్రక్కన చుక్కవలె గానిమీడును కానవచ్చును. దానిని చూచి, అచ్చట ఎవరున్నారో యని కథలల్లుట సులభము. ఈ రాత్రి ఎచ్చట కనబడినది, రేపు ఎచ్చటికి జరిగినది యని కాగితముపై గుర్తువేయుట కొంత కష్టము. బప్పుగారు నడచినది ఆ రెండవ మార్గమున.