ఉద్యోగం పోయాక గిజిగాడు దొరికాడు

చలికాలంలో ఓ ఆదివారం, తెల్లవారకముందే విశాఖలో బయల్దేరి అచ్యుతాపురం దగ్గరి కొండకర్ల ఆవకి ఎప్పుడైనా వెళ్లారా? తాటి దోనెలో కూర్చుని, ఆకుల మీద నడిచే పిట్టల్ని చూడాలంటే మాటలు ఆపేయాలి. మొన్న మేం నలుగురం వెళితే మాలో ఒకడు మాత్రం ఆపలేదు. ఆఫర్ లెటర్ వచ్చి ఎనిమిది నెలలైనా వాడికి జాయినింగ్ డేట్ రాలేదు. ఈ పిట్టల్ని చూస్తే ఏమొస్తుందన్నది వాడి బాధ. వాడి ఒళ్లో ఉన్న పక్షుల పుస్తకం రాసినాయన కూడా ఒకప్పుడు నిరుద్యోగే. ఆయనే సలీం అలీ.

1896 నవంబరు 12న బొంబాయిలో పుట్టారు. చిన్నప్పుడే అమ్మానాన్నా పోతే మేనమామ పెంచారు. పదేళ్లప్పుడు ఎయిర్‌గన్‌తో కొట్టిన ఓ పిచ్చుక గొంతు మీద పసుపు మచ్చ కనిపించింది. అదేంటో కనుక్కుందామని బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి వెళితే, కార్యదర్శి మిల్లార్డ్ సొరుగులు తెరిచి అక్కడున్న పక్షుల నమూనాలన్నీ చూపించారు. పిచ్చి అక్కడ పట్టుకుంది.

చదువు మాత్రం అంతంతే. కాలేజీ మధ్యలో మానేసి, కుటుంబ వ్యాపారం చూసుకోవడానికి బర్మా వెళ్లారు. టంగ్‌స్టన్ గనులు, కలప. తర్వాత బొంబాయిలో కొంత కామర్స్, కొంత జువాలజీ చదివారు. వ్యాపారం నిలబడలేదు. జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో పక్షి శాస్త్రవేత్త పోస్టుకి ప్రయత్నిస్తే, యూనివర్సిటీ డిగ్రీ లేదని దక్కలేదు. చివరికి 1926లో ప్రిన్స్ ఆఫ్ వేల్స్ మ్యూజియంలో గైడ్ లెక్చరర్ ఉద్యోగం వచ్చింది, నెలకు 350 రూపాయలు. రెండేళ్లకి సెలవు పెట్టి బెర్లిన్ వెళ్లి, ఎర్విన్ స్ట్రెస్‌మాన్ దగ్గర పక్షిశాస్త్రం నేర్చుకున్నారు. స్కిల్ అప్‌గ్రేడ్ అన్నమాట. 1930లో తిరిగొచ్చేసరికి నిధుల్లేవని ఆ పోస్టే ఎత్తేశారు!

వయసు 33, పెళ్లయింది, చేతిలో పని లేదు. బొంబాయిలో ఖర్చులు భరించలేక భార్య తెహ్మీనాతో సముద్రం పక్కన కిహీమ్ అనే పల్లెకి మారారు. ఇంటి దగ్గర గిజిగాళ్లు గూళ్లు అల్లుతున్నాయి. వానాకాలమంతా వాటినే చూస్తూ, రాసుకుంటూ కూర్చున్నారు. మగపిట్ట గూడు సగం అల్లి ఆపుతుంది. ఆడపిట్టలు వచ్చి తనిఖీ చేస్తాయి. నచ్చితేనే ఓ ఆడపిట్ట అందులో చేరుతుంది, అప్పుడు మగపిట్ట దాన్ని పూర్తిచేసి ఇంకో గూడు మొదలుపెడుతుంది, ఇంకో జోడీ కోసం. అప్పటిదాకా ఎవరూ ఇంత వివరంగా గమనించని ఆ సంగతిని రాసిన వ్యాసమే ఆయనకు పేరు తెచ్చింది.

ఆ తర్వాత ఆయన వేసిన ఎత్తు చూడండి. సంస్థానాల్లో ఏ పక్షులున్నాయో సరైన లెక్క లేదు. జీతం వద్దు, ఖర్చులిస్తే సర్వే చేసిపెడతానన్నారు. మొదటగా ఒప్పుకున్నది మన నిజాం సర్కారే. 1931లో హైదరాబాద్ సంస్థానంలో మొదలైన పని తర్వాత తిరువాన్కూరు, కొచ్చిన్‌లకి పాకింది. గుడారాల్లో క్యాంపు నడిపే బాధ్యతంతా తెహ్మీనాదే. 1939లో ఆమె ఓ చిన్న ఆపరేషన్ తర్వాత చనిపోయారు. ఆయన మళ్లీ పెళ్లి చేసుకోలేదు.

మధ్యలో ఒక మాట. జీతం లేని ఇంటర్న్‌షిప్ అంటగట్టడానికి ఎవరైనా ఈ కథ చెబితే నమ్మకండి. ఆయనకి కుటుంబం అండ ఉంది. పైగా సర్వే ఫలితాలు ఆయన పేరుతోనే అచ్చయ్యాయి. మీ పని మీద మీ పేరుంటుందా అని ముందే అడగండి.

1941లో వచ్చిన ‘ది బుక్ ఆఫ్ ఇండియన్ బర్డ్స్’ మామూలు జనానికి పక్షుల్ని పరిచయం చేసింది. అమెరికన్ శాస్త్రవేత్త డిలన్ రిప్లేతో కలిసి 1968 నుంచి 1974 వరకు పది సంపుటాల హ్యాండ్‌బుక్ తెచ్చారు. ఆ రిప్లే తర్వాత మన విశాఖ కొండల్లోనూ పక్షుల్ని పరిశీలించారు, వైజాగ్ పక్షి ప్రేమికుడు కె.ఎస్.ఆర్. కృష్ణరాజుతో కలిసి. తూర్పు కనుమల్లోని ఓ బాబ్లర్ ఉపజాతికి 1985లో పెట్టిన పేరు ‘కృష్ణరాజుయి’. సలీం అలీ రాజ్యసభకి నామినేట్ అయిందీ ఆ ఏడాదే. 1987 జూన్ 20న 90 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

ఆవ నుంచి తిరిగొస్తుంటే దారిలో ఓ ఈతచెట్టుకి పాత గిజిగాడి గూళ్లు వేలాడుతున్నాయి. బండి ఆపించింది మావాడే. సగం అల్లి వదిలేసినవి ఎన్నో లెక్కపెడుతూ నిలబడ్డాడు.