ఎమ్మా లివ్రీ: తెల్లని గౌనుకు చెల్లించిన మూల్యం

ఫ్రెంచ్ బ్యాలే నర్తకి ఎమ్మా లివ్రీ 1842లో ప్యారిస్‌లో జన్మించారు. 16 ఏళ్ల వయసులో ప్యారిస్ ఒపేరాలో ‘లా సిల్ఫీడ్’ నాయికగా రంగప్రవేశం చేశారు. 1832లో అదే పాత్రను తొలిసారి పోషించిన మరీ టాలియోనీ ఆమెకు గురువయ్యారు. నాడు టాలియోనీ ధరించిన పలుచని తెల్ల గౌనే నేటి టూటూకు మూలం. దివిటీ మంటకు రెక్కలు కాలిన సీతాకోకచిలుక కథతో ‘లె పాపియాన్’ బ్యాలేను 1860లో శిష్యురాలి కోసం టాలియోనీ రూపొందించారు.

ఆనాటి రంగస్థలానికి గ్యాస్ దీపాలే వెలుగు. నిప్పంటుకోకుండా రసాయనంలో తడిపిన దుస్తులు ఉన్నా, అవి బిరుసెక్కి తెలుపు మాస్తాయని లివ్రీ నిరాకరించారు. 1862 నవంబరు 15న రిహార్సల్‌లో ఆమె గౌనుకు దీపజ్వాల అంటుకుంది. ఎనిమిది నెలలు వేదన అనుభవించి, 20 ఏళ్లకే కన్నుమూశారు. కాలిన ఆ దుస్తుల పేలికలు ప్యారిస్ ఒపేరా మ్యూజియంలో భద్రపరచి ఉన్నాయి.