అనాథ పిల్లల డాక్టర్ – యానుష్ కోర్చాక్

యానుష్ కోర్చాక్ అసలు పేరు హెన్రిక్ గోల్డ్‌ష్మిత్. ఆయన పోలండ్‌లోని వార్సా నగరంలో ఒక యూదు కుటుంబంలో జన్మించారు. లాయరైన తండ్రి మతిస్థిమితం కోల్పోయి 1896లో మరణించడంతో కుటుంబం చితికిపోయింది. ట్యూషన్లు చెప్పుకుంటూ చదివి 1905లో డాక్టరయ్యారు. పిల్లల ఆసుపత్రిలో మంచి పేరు సంపాదించారు.

1912లో ఆ ఉద్యోగం వదిలి, వార్సాలోని యూదు అనాథ బాలల హాస్టల్ బాధ్యత తీసుకున్నారు. స్తెఫానియా విల్చిన్‌స్కా ఆయనకు కుడిభుజంగా నిలిచారు. కోర్చాక్ పెళ్ళి చేసుకోలేదు. ఆ భవనం పైకప్పు కింద చిన్న గదిలోనే ఉండేవారు.

ఆ హాస్టల్ గురించి మనం తప్పక తెలుసుకోవాలి. ఊడ్చడం, వడ్డించడం వంటి పనులన్నీ పిల్లలు వంతులవారీగా చేసేవారు. వారికి సొంత పార్లమెంటు, పత్రిక, కోర్టు ఉండేవి. కోర్టులో జడ్జీలు పిల్లలే. ఎవరికి అన్యాయం జరిగినా ఫిర్యాదు చేయవచ్చు. అక్కడి చట్టంలో శిక్షల కంటే క్షమించే సెక్షన్లే ఎక్కువ. పెద్దల మీద కూడా కేసు పెట్టవచ్చు. కోర్చాక్ స్వయంగా ఆ కోర్టు ముందు నిలబడ్డారు.

1939లో హిట్లర్ సైన్యం పోలండ్‌ను ఆక్రమించింది. 1940లో వార్సాలోని యూదులను గోడ కట్టిన ఘెట్టోలోకి తోశారు. హాస్టల్ కూడా అక్కడికే మారింది. ముసలితనంలో, అనారోగ్యంతో కోర్చాక్ పిల్లల తిండి కోసం ఇల్లిల్లూ తిరిగి అడిగేవారు. తప్పించుకునే అవకాశం వచ్చినా పిల్లలను వదిలి వెళ్ళలేదు. 1942 జూలైలో ఆ పిల్లలు మన రవీంద్రనాథ్ ఠాగూర్ రాసిన 'పోస్టాఫీసు' నాటకం ప్రదర్శించారు. జబ్బుతో గది దాటలేని అమల్ అనే బాలుడి కథ అది.

మూడు వారాలు తిరగకముందే, ఆగస్టు మొదటి వారంలో, నాజీలు హాస్టల్‌ను ఖాళీ చేయించారు. దాదాపు 200 మంది పిల్లలతో కోర్చాక్, స్తెఫానియా రైలు దాకా నడిచారు. ఆ రైలు ట్రెబ్లింకా మరణ శిబిరానికి వెళ్ళింది. వారిలో ఎవరూ తిరిగి రాలేదు.

ట్రెబ్లింకా ఒక చిన్న పల్లె. ఇప్పుడు అక్కడ సుమారు 17 వేల స్మారక శిలలున్నాయి. కొన్నింటిపై, యూదులు లేకుండా పోయిన ఊళ్ళ పేర్లు చెక్కారు. మనిషి పేరున్న రాయి ఒక్కటే. దానిమీద కోర్చాక్ పేరు, ఆయన పిల్లల ప్రస్తావన ఉన్నాయి.

బాలల హక్కుల ఒప్పందాన్ని 1978లో ప్రతిపాదించింది పోలండ్ దేశమే. 1989లో ఐక్యరాజ్యసమితి ఆమోదించింది. 1992లో భారతదేశం అంగీకరించింది.

మిత్రులారా! హాస్టల్ పిల్లల మాటకు కూడా విలువ ఉందని కోర్చాక్ వందేళ్ళ కిందటే చేసి చూపించారు. మెస్ కమిటీలో మాట్లాడేటప్పుడు, తప్పు చేసిన తమ్ముణ్ణి క్షమించేటప్పుడు ఆయనను తలచుకుందాం.