వేషమును విత్తమును: ఏడవ నిజాము చరిత్రము

మనుష్యుని వస్త్రములను జూచి వాని విత్తమును నిర్ణయించుట లోకమున నెల్లవారికిని అలవాటైన న్యాయవిచారణము. ఈ విచారణమున సాక్షులను బిలువరు, ప్రతివాదిని మాటాడనీయరు. అంగరఖా యంచును, పాదరక్షల మెఱుగును జూచిన మాత్రముననే తీర్పు వెలువడును. దానిని బట్టియే యొకనికి చావడిలో నాసనమును, మఱియొకనికి వాకిటి యరుగును లభించును. విద్యావంతులలో సయితము ఈ యలవాటును మానినవారు కొందఱే.

ఈ తీర్పెంతవఱకు నమ్మదగినదో పరీక్షించుటకు మనము దూరదేశములకు బోనక్కఱలేదు. రామగుండము, గోదావరిఖని మొదలగు బొగ్గుగనుల సీమ యొకప్పుడు హైదరాబాదు సంస్థానములోనిది. ఆ నేలపైన తుమ్మయు మోదుగయు మొలచిన మెట్ట. క్రింద నంతులేని బొగ్గు. ఆ సంస్థానము నేలిన కడపటి ప్రభువు, ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీ ఖాను, తాను నేలిన నేలవంటివాడే. పైకి గానవచ్చినది వేఱు, లోపల నుండినది వేఱు.

ఆయన 1886వ సంవత్సరము ఏప్రిలు 6వ తేదీన హైదరాబాదులోని పురానీ హవేలీలో జనించెను. తండ్రియగు మహబూబ్ అలీ ఖాను గొప్ప వేషప్రియుడు. ఒకసారి తొడిగిన దుస్తును మరల తొడుగడని ప్రతీతి. ఆయన దుస్తులకై కట్టిన రెండంతస్తుల కొయ్యబీరువాల వరుస పురానీ హవేలీలో నేటికిని నున్నది. పై యంతస్తును జేరుటకు చేతితో ద్రిప్పెడి యెత్తుడుయంత్రము సయితము కలదు. సిమ్లా వర్తకుడు జాకబు చూపిన గొప్ప వజ్రమును గూర్చి ఆయనకు వచ్చిన వివాదము 1891లో కలకత్తా న్యాయస్థానము వఱకు బోయెను. అట్లని ఆయనను కేవలము డాంబికుడని త్రోసివేయరాదు. 1908లో మూసీనది పొంగి నగరమును ముంచినప్పుడు ఇల్లు గోల్పోయినవారికి తన మందిరముల తలుపులు తెఱపించినవాడును ఆయనయే. కావున పట్టువస్త్రము కఠినహృదయమునకు గుఱుతు కాదు.

1911లో తండ్రి మరణింపగా ఉస్మాన్ అలీ ఖాను ఇరువదియైదవ యేట సింహాసన మెక్కెను. తండ్రికిని కుమారునికిని వేషమున హస్తిమశకాంతరము. తండ్రితాతల చౌమహల్లాను విడిచి కింగుకోఠీలో నివసించెను. దర్బారు దినములయందు తక్క ఆయన సామాన్యముగా ధరించినది నలిగిన శేర్వానీ, మాసిన రూమీ టోపీ, తెల్లని పైజామా, సాధారణమైన చెప్పులు. ఒకే టోపీని ముప్పదియేండ్లకు పైగా ధరించెననియు, నేలపై చాపమీద గూర్చుండి రేకుపళ్ళెములో భుజించెననియు, చవుకరకము చార్మినారు సిగరెట్లు కాల్చెననియు చూచినవారు వ్రాసియున్నారు. ఆయన నెఱుగని పరదేశీయుడు వీథిలో జూచినచో ఏ జాగీరుదారు కచేరీలోని ముసలి గుమాస్తాయో యని తలచియుండును.

ఆ గుమాస్తా వేషముననున్న మనుష్యుని బొమ్మను 1937 ఫిబ్రవరిలో అమెరికాదేశపు టైము పత్రిక తన ముఖపత్రమున బ్రకటించి, ప్రపంచమున కెల్ల ధనవంతుడని పేర్కొనెను. సర్ఫె ఖాసను పేర ఆయన కుటుంబపు సొంత భూములు సంస్థానమున వేలకొలది చదరపు మైళ్ళు వ్యాపించియుండెను. బంగారము, ముత్యములు, వజ్రములు కింగుకోఠీ పెట్టెలలో నిండియుండెను. తండ్రి కాలమునాటి జాకబు వజ్రము సుమారు 184 కారెట్ల తూకము గలది. అది తండ్రి పాదరక్ష మొనలో దూర్చియుండగా కుమారునికి దొరకెననియు, దానిని ఆయన కాగితములు ఎగిరిపోకుండ బరువుగా నుంచెననియు ప్రసిద్ధి. పాత చెప్పులో కోట్ల ధన మొదిగియుండినప్పుడు చెప్పును జూచి ధనమును లెక్కించు మన విద్య యేపాటిది?

ఇంక బొగ్గు. 1871లో భూగర్భశాఖవారి డాక్టరు కింగు ఎల్లందు ప్రాంతమున బొగ్గును గనుగొనెను. 1886లో ఇంగ్లండువారి హైదరాబాదు దక్కను కంపెనీ త్రవ్వకపు హక్కులను బొందెను. 1920లో ఆ వ్యాపారము సింగరేణి కాలరీసు కంపెనీయైనది. 1945లో నిజాము ప్రభుత్వము దాని వాటాలలో నధికభాగము కొని, బొగ్గు త్రవ్వు కంపెనీ నొకదానిని ప్రభుత్వపు చేతిలోనికి దెచ్చెను. రామగుండమున గనులు త్రవ్వుట ఆయన ప్రభుత్వము పోయిన పిమ్మటి పని. తన కాళ్ళక్రిందనున్న ధనములో నెంతభాగమో ఆ ధనవంతునికే తెలియదన్నమాట.

ఇచట నొక ప్రశ్న విచారింపదగియున్నది. ఇంతటివాడు అంతటి హీనవేషముతో నెట్లు చెల్లించుకొనగలిగెను? ఉత్తరము స్పష్టము. ఆయనకు వస్త్రముతో బనిలేదు. చినిగిన శేర్వానీ తొడిగినను ఆయన నిజామే. ఎదుటివాడు ఏడుమారులు సలాము చేయవలసినదే. కాని అదే సంస్థానమున పల్లెకు బోయి చూచిన స్థితి వేఱు. అస్పృశ్యులని త్రోసివేయబడినవారు దొర గడీ ముందర చెప్పులు తొడిగి నడువరాదు. వెట్టిచాకిరి చేయువాడు మంచి పంచె కట్టిన, అది పొగరని శిక్షింపబడుటయు గలదు. ప్రభువునకు చినిగిన వస్త్రము ఇచ్ఛ. వెట్టివానికి అది శాసనము. చూపునకు రెండును ఒక్కటే. నడుమ నుండునది ఆకాశపాతాళముల యంతరము. వస్త్రము ధనమును దెలుపదు. తనకు నచ్చిన వస్త్రమును కట్టుటకు గాని మానుటకు గాని ఎవనికి స్వాతంత్ర్య మున్నదో, దానిని మాత్రము కొంత తెలుపును. 1946 మొదలు తెలంగాణపు పల్లెలు తిరుగబడుటకు గల కారణములలో భూమితోపాటు ఈ యవమానమును నొకటి.

నిరాడంబరత తనంతట తాను పుణ్యము కాదు. మిగిల్చిన ధన మెచటికి బోయినదని యడిగినప్పుడే దాని విలువ తేలును. ఈ లెక్కలో ఉస్మాన్ అలీ ఖానునకు జమయు గలదు, ఖర్చును గలదు. ఆయన కాలముననే 1917లో ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు ఫర్మానా వెలువడెను. మూసీ వఱదలను నిలుపుటకు 1920లో ఉస్మాన్ సాగరమును, 1927లో హిమాయత్ సాగరమును, మంజీరమీద 1931లో నిజాం సాగరమును బూర్తియైనవి. పూనా భండార్కరు సంస్థవారి మహాభారత ముద్రణమునకును, కాశీ హిందూ విశ్వవిద్యాలయమునకును ఆయన విరాళము లిచ్చెను. ఇవి సత్కార్యములే. కాని సాగరములు రయితు కట్టిన శిస్తుతో గట్టినవి, కింగుకోఠీ పెట్టెలతో గాదు. విశ్వవిద్యాలయమున బోధనము ఉర్దూలో సాగుటచే సంస్థానమున నధికసంఖ్యాకులైన తెలుగు బిడ్డలకు మాతృభాషలో నున్నతవిద్య లభింపలేదు.

1947లో ఇంగ్లండు రాజకుమారి ఎలిజబెత్తు వివాహమునకు ఆయన వజ్రహారమును బహూకరించెను. ఆ సంవత్సరముననే రజాకార్ల దౌర్జన్యమును తెలంగాణమున బెరుగుచుండెను. 1948 సెప్టెంబరు 17వ తేదీన సంస్థానము భారత సైన్యమునకు లోబడెను. ఆ దినములలోనే పది లక్షల పౌనులకు పైబడిన సొమ్ము లండనులోని పాకిస్తాను రాయబారి పేర నొక బ్యాంకునకు బదిలీయయ్యెను. ఆ సొమ్ము డెబ్బదియొక్క సంవత్సరములు ఎవరికిని అక్కఱకు రాక వ్యాజ్యమున జిక్కి, మూడున్నర కోట్ల పౌనులుగా బెరిగిన పిమ్మట, 2019లో లండను న్యాయస్థానము తీర్పున భారత ప్రభుత్వమునకును ఆయన వారసులకును దక్కెను. రాజభరణము సాలునకు ఏబది లక్షల రూపాయలుగా నిర్ణయింపబడెను. 1950 మొదలు 1956 వఱకు ఆయన రాజప్రముఖుడుగా నుండెను. 1965లో ఆయన దేశరక్షణకై టన్నులకొలది బంగారమును దానము చేసెనను కథ ప్రబలినది. నిజమునకు ఆయన ఇచ్చినది 425 కిలోగ్రాములు. అదియు దానము గాదు, వడ్డీ వచ్చెడి బంగారు బాండ్లలో బెట్టుబడి. వేషమును జూచి లోభియనువారును, కథను విని కర్ణుడనువారును, ఉభయులును పత్రములను చూడనివారే.

1967 ఫిబ్రవరి 24వ తేదీన ఆయన కింగుకోఠీలో మరణించెను. కడసారి చూచుటకు లక్షలకొలది జనము గూడిరి. ఆయన యాభరణములను 1995లో భారత ప్రభుత్వము 218 కోట్ల రూపాయలకు గొని రిజర్వు బ్యాంకు నేలమాళిగలో భద్రపఱచెను. ఏ దేహమును అలంకరింపక పెట్టెలలో నుండిన నగలు మరల పెట్టెలకే చేరినవి.

నేడు గోదావరిఖనిలో గనినుండి పైకి వచ్చు కార్మికులను జూడుడు. ఇంజనీరైనను, పర్మినెంటు కార్మికుడైనను, అందులో స్వల్పభాగమే కూలి బొందెడి కాంట్రాక్టు కార్మికుడైనను, బొగ్గుమసి వారి నందఱిని ఒక్కరీతిగా నలుపు చేయును. స్నానము చేసి బజారునకు వచ్చిన పిమ్మట అప్పుచేసి కుట్టించిన చొక్కా తళతళలాడును. పొదుపుచేసిన వాని చొక్కా వెలవెలబోవును. వీరిలో ధనవంతు డెవడని చొక్కా నడిగిన అది అబద్ధమే చెప్పును. అడుగవలసిన ప్రశ్నలు వేఱు: ఆ విత్తము ఎవరి చెమటనుండి వచ్చినది? ఎవరి యుపయోగమునకు బోవుచున్నది? ఈ రెండింటికి వస్త్రము బదులు చెప్పజాలదు. కావున గుమ్మము కడకు వచ్చినవాని చొక్కా జూచి ఆసనము వేయుట మాని, వచ్చిన ప్రతివానికిని ఒకే యాసనము వేయుట న్యాయము.