కాంచనమాల జీవితము

తెలుగు చలనచిత్రముల తొలిదశలో విశేష ప్రఖ్యాతి గాంచిన నటీమణులలో కాంచనమాల యొకతె. 1917లో జన్మించిన ఈమె 1935 నాటి శ్రీకృష్ణ తులాభారము చిత్రముతో తెరపైకి వచ్చెను. గూడవల్లి రామబ్రహ్మము 1938లో తీసిన మాలపిల్లలో శంపాలతగను, మరుసటి యేడు వందేమాతరము, మళ్ళీ పెళ్ళి చిత్రములలో కథానాయికగను నటించి, అస్పృశ్యత, నిరుద్యోగము, వితంతు పునర్వివాహము మున్నగు సమస్యలను జనసామాన్యము మనస్సులకు హత్తించెను.

1942లో జెమినీ వారి బాలనాగమ్మతో ఆమె కీర్తి పరాకాష్ఠ నందెను. ఆ చిత్ర నిర్మాణకాలమున ఒప్పంద విషయమై సంస్థతో వివాదము పొడమెననియు, తత్ఫలితముగా అన్యచిత్రములలో అవకాశము లుడిగెననియు చరిత్రకారులు వ్రాయుచున్నారు. ఇరువదియైదేండ్ల ప్రాయముననే వృత్తి స్తంభించెను. మనోవ్యాధి యామెను క్రుంగదీసెను. సుమారు రెండు దశాబ్దములు తెరకు దూరమై, 1963లో నర్తనశాలలో స్వల్పకాలము కనిపించెను. 1981 జనవరి 24న మద్రాసులో మరణించెను.

ఇచట విచారింపదగిన దొకటి కలదు. ఆమె ఉత్తరజీవితమును పెక్కు రచనలు మతిభ్రమ యను నొక్క మాటతో ముగించుచున్నవి. ఆ మాట వ్యాధిని చెప్పునే కాని, నటి జీవనోపాధి యంతయు ఒక ఒప్పంద పత్రముపై వ్రేలాడిన వ్యవస్థను మరుగుపరచును. ఆమె కాలమునాటి 1912 ఉన్మాద శాసనము రోగిని నిర్బంధింపదగిన వానిగా చూచెను. ఢిల్లీలో పార్లమెంటు 2017లో ఆమోదించిన మానసిక ఆరోగ్య రక్షణ చట్టము హక్కులు గల వ్యక్తిగా గుర్తించినది. శాసనభాష మారినది, జీవితచరిత్రల భాషయు మారవలయును. కాంచనమాల రోగమునకు ముందు ఆమె కృషిని చెప్పుట న్యాయము.